ఫోన్ దించన్నా!

మొన్న ఆదివారం రాత్రి నిద్ర పట్టక యూట్యూబ్‌లో తిరుగుతుంటే ఒక వీడియో తగిలింది. బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్, 2011 అక్టోబర్ 30, అమెరికా హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా. నేను వెళ్లిన కచేరీ. ఆ రోజు వీడియోలు ఇదివరకు చాలానే చూశాను గానీ ఇది కొత్తది. అంటే తీసింది అప్పుడే, పెట్టింది మాత్రం ఈ మధ్య. ఎవరో పాత ఫోన్ మెమరీ కార్డు ఖాళీ చేస్తుంటే బయటపడిందట. నాలుగు నిమిషాల చిల్లర. స్టేజీ అంటే దూరంగా ఒక తెల్లటి వెలుగు, అందులో కదిలే నాలుగు మచ్చలు, మధ్యమధ్యలో ఎవరివో మోచేతులు. సౌండ్ సంగతి చెప్పక్కర్లేదు, రేకుల షెడ్డు మీద వడగళ్ల వాన.

రెండో నిమిషం దాటాక ఫోనుకి బాగా దగ్గర్నుంచి ఒక గొంతు: "అన్నా, ఫోన్ దించన్నా! నీకు దణ్ణం పెడతా, దించు!"

అచ్చం గుంటూరు యాస. లేచి కూర్చున్నాను. మూడుసార్లు వెనక్కి జరిపి విన్నాను. సందేహమే లేదు, అది మా రూమ్మేట్ గొంతు. ఆ రోజు మా ముందు ఒక ఆరడుగుల మనిషి రెండు చేతులూ పైకెత్తి ఫోన్ పట్టుకుని నిలబడితే, మావాడు ముందు ఇంగ్లీషులో చెప్పి, తర్వాత వచ్చిన కాస్త హిందీలో చెప్పి, చివరికి సహనం చచ్చి తెలుగులోకి దిగాడు. మమ్మల్ని ఆ రాత్రంతా ఏడిపించిన ఫోన్‌లోంచే ఇప్పుడు నేను చూస్తున్నానన్నమాట.

కింద కామెంట్లు చూస్తే ఇంకా బాగున్నాయి. బ్రెజిల్ నుంచి ఒకాయన, ఇండియాలో ఫ్యాన్స్ ఎంత మైమరచి పాడుతున్నారో వినండి అని సరిగ్గా ఆ సెకను రాసి మరీ పెట్టాడు. ఇంకొకరు అది ఏదైనా పండగ నినాదమా అని అడిగారు. మూడో ఆయనకి, పాపం, ఆ గొంతులో ఉన్న ఆవేదన విని ఒళ్లు జలదరించిందట. ఆవేదన నిజమే లెండి.

కాసేపు నవ్వుకున్నాను. తర్వాత ఆ ఫ్రేములో ఇంకోటి కనిపించింది. ఈ పోస్టు దాని గురించే.

హెట్‌ఫీల్డ్ గడ్డం మీద చెమట

ఈ పద్నాలుగేళ్లలో ఆ కచేరీ కథ కనీసం వంద మందికి చెప్పి ఉంటాను. దీపావళి వెళ్లిన వారమే, శనివారం రాత్రి కాచిగూడలో రైలెక్కడం, రిజర్వేషన్ లేక తలుపు దగ్గర న్యూస్‌పేపర్ పరుచుకుని కూర్చోవడం, అంతకు ముందురోజే గుర్గావ్‌లో బారికేడ్ విరిగి షో ఆగిపోయి జనం స్టేజీ ఎక్కి సామాను విరగ్గొట్టారని వార్త రావడం, బెంగళూరుది కూడా పోతుందేమోనని దారంతా టెన్షన్ పడటం. ఇదంతా చెప్పి చివర్లో ఒక మాట కలిపేవాణ్ని: బారికేడ్‌కి ఆనుకుని నిలబడ్డాం, బ్యాండ్ గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ గడ్డం మీద చెమట కూడా కనిపించింది అని. అబద్ధం చెప్తున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు. కళ్లు మూసుకుంటే ఆ చెమట ఇప్పటికీ కనిపిస్తుంది.

వీడియోలో ఎడమ పక్కన ఇనుప గొట్టాలతో కట్టిన మంచె ఒకటి ఉంది. సౌండ్ వాళ్లు మిక్సర్ పెట్టుకునే చోటు. ఇలాంటి పెద్ద కచేరీల్లో అది మామూలుగా జనం మధ్యలో ఉంటుంది, స్టేజీకి చాలా దూరంగా. మావాడి గొంతు ఫోనుకి రెండడుగుల్లో ఉందంటే నేనూ అక్కడే ఉన్నట్టు. అక్కణ్నుంచి స్టేజీ మీద మనిషి నా చిటికెనవేలి గోరంత. ఆ చెమట పక్కనున్న పెద్ద తెరల మీద చూసిందై ఉండాలి, లేకపోతే ఎప్పుడో ఏ డీవీడీలోనో చూసింది తెచ్చి అక్కడ అతికించుకుని ఉంటాను. వంద మందికి చెప్పాను. వాళ్లందరికీ ఇప్పుడు ఫోన్ చేసి చెప్పలేను కదా.

పాత కచేరీ వీడియోల కింద మేము, అంటే అభిమానులం, రాసేవి దాదాపు ఒకే రకంగా ఉంటాయి. ఆ రోజులే వేరు, అప్పుడు జనం పాటలో మునిగిపోయేవాళ్లు, నేను తప్పు కాలంలో పుట్టాను. వీడియో చూస్తే అందులో ఒకడు ఆవులిస్తుంటాడు. ఒకడు జేబులు తడుముకుంటుంటాడు. కొత్త ఆల్బమ్ పాట మొదలవగానే సగం మంది పక్కవాళ్లతో కబుర్లలో పడతారు. మనకవేవీ కనపడవు, ముందే మనసులో అనుకున్నది చూసుకుని కన్నీళ్లు పెట్టుకుని వెళ్లిపోతాం. నాకైతే ఇప్పుడు అనిపిస్తోంది, ఈ వీడియోలు మన జ్ఞాపకాలకి చుట్టాల్లా కనిపిస్తాయి గానీ నిజానికి అవతలి పక్షం సాక్షులు. కోర్టులో సాక్షిని ఎలా వింటామో అలా వినాలి వాటిని, గొంతు బొంగురుగా ఉందని, నత్తి ఉందని, దిద్ది వినకూడదు. ఇది చెప్పినంత సులువు కాదని నాకూ తెలుసు, రెండు మూడు చోట్ల నాకే పొసగడం లేదు, అవీ చెప్తాను.

తాతయ్య టేపు

తెనాలి దగ్గర మా తాతయ్య వాళ్ల ఊళ్లో శ్రీరామనవమికి పందిట్లో నాటకం వేయించేవాళ్లు. ఒక ఏడు రాయబారం ఆడితే తాతయ్య కొత్తగా కొన్న టూ ఇన్ వన్ ఒళ్లో పెట్టుకుని మొత్తం రికార్డు చేశాడు. ఆ రాత్రి గురించి ఆయన చెప్పే కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు: కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే జనం ఏడుసార్లు వన్స్‌మోర్ కొట్టారు, తెల్లారేదాకా ఒక్కడు కదల్లేదు, ఆడవాళ్లు పిల్లల్ని కూడా పట్టించుకోలేదు.

టేపులో వన్స్‌మోర్ రెండుసార్లే ఉంది. అందులో ఒకటి మైకు పక్కనే పగిలినట్టు వినిపిస్తుంది, అది తాతయ్యదే. పద్యం చివర రాగం సాగుతున్నంత సేపూ ఒక పసిపిల్ల ఏడుస్తుంది, వెనక సోడా బుడ్డి కీచుమంటుంది, ఎవరో "కాస్త జరగండి, కాలు తొక్కేస్తున్నారు" అంటారు. నాయనమ్మ ఆ టేపు పెట్టినప్పుడల్లా "మిగతా ఐదుసార్లు మీరు ఇంటికొచ్చాక కొట్టుంటారు" అనేది. తాతయ్య ఏనాడూ ఒప్పుకోలేదు. టేపు సరిగ్గా ఎక్కలేదనేవాడు.

ఆ మాట విన్నప్పుడల్లా నవ్వేవాణ్ని. మొన్న ఆదివారం రాత్రి నేను మొదట అనుకున్నది కూడా అదే, ఫోన్ కెమెరాలో దూరాలు సరిగ్గా తెలియవులే అని.

దొంగచాటు కెమెరాలు

మెటాలికా నాకు పరిచయమైంది హాస్టల్ కంప్యూటర్లన్నీ కలిపే లాన్ నెట్‌వర్క్‌లో. డీసీ ప్లస్ ప్లస్ అనే ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్‌లో ఎవరో సీనియర్ షేర్ చేసిన ఫోల్డర్, అందులో ముక్కలు ముక్కలుగా పాత వీడియోలు. తర్వాత యూట్యూబ్ వచ్చినా ముక్కలు పోలేదు, 2010 దాకా పది నిమిషాల హద్దు ఉండేది కాబట్టి ఒక్కో కచేరీ ఏడెనిమిది భాగాలుగా ఉండేది, ఎప్పుడూ మనకి కావాల్సిన ఐదో భాగమే దొరికేది కాదు. ఆ ఫోల్డర్‌లోనే మొదటిసారి మెటాలికా బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ ఒక్కడే వాయించిన సోలో చూశాను. 1983 మార్చి 19, శాన్ ఫ్రాన్సిస్కోలో ద స్టోన్ అనే క్లబ్బు. బెల్ బాటమ్ ప్యాంటు, రికెన్‌బ్యాకర్ బేస్, మొహం కనపడకుండా ఊగే జుట్టు. బేస్ గిటార్‌తో అలాంటి శబ్దం చేయొచ్చని అప్పటిదాకా తెలియదు. బ్యాండ్‌లో అతను చేరి వాయించిన మొదటి షో ఆ నెల 5న అదే క్లబ్బులో, అంటే ఈ వీడియో ఆ తర్వాత రెండు వారాలకి తీసింది.

క్లిఫ్ 1986 సెప్టెంబర్ 27న స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో పోయాడు. 24 ఏళ్లు. మరుసటి ఏడాది బ్యాండ్ అతని గుర్తుగా 'క్లిఫ్ ఎమ్ ఆల్' వీడియో వేసింది. అందులో టీవీ వాళ్లు తీసినవి, సొంత ఫోటోలు కొన్ని ఉన్నా, చాలా భాగం అభిమానులు తీసిన వీడియోలే. పేరులోనే ధర కూడా పెట్టారు, 19.98 డాలర్ల హోమ్ వీడియో అని. అదే ఏడాది వచ్చిన చిన్న రికార్డు పేరులో కూడా అలాగే 5.98 డాలర్లు, షాపువాడు ఎక్కువ గుంజకుండా.

నాకు ఇక్కడ నచ్చేది ఏమిటంటే, స్నేహితుణ్ని మళ్లీ చూడాలనుకున్నప్పుడు వాళ్లు కూడా వెళ్లి చేయి చాచింది జనంలో దాక్కుని తీసినవాళ్ల దగ్గరే. గేటు దగ్గర సెక్యూరిటీకి దొరికుంటే ఆ టేపులేవీ ఉండేవి కావు. ఆ వీడియోని వాళ్లు పెద్దగా దిద్దలేదు కూడా. వంకర బొమ్మ వంకరగానే ఉంది.

క్లిఫ్ ఆఖరి కచేరీ ప్రమాదానికి ముందు రాత్రి, సెప్టెంబర్ 26న, స్టాక్‌హోమ్ పక్కన సోల్నాలో జరిగింది. 2017లో వేసిన పెద్ద బాక్స్ సెట్‌లో దాని టేపు క్యాసెట్ రూపంలోనే ఇచ్చారు. దాన్ని వినేవాళ్లు అందులో ఏదో వీడ్కోలు వినిపిస్తోందంటారు, వాయింపులో బరువు ఉందంటారు. నేను రెండుసార్లు శ్రద్ధగా విన్నాను. మామూలు శుక్రవారం రాత్రి. కొన్ని గంటల్లో ఏం జరగబోతోందో ఆ హాల్లో ఎవడికీ తెలియదు, తెలిసినట్టు వాయించడం కుదరదు కూడా. ఆ బరువు మనం మోసుకొచ్చి టేపు మీద పెట్టేది. నాకైతే ఆ మామూలుతనమే భయంగా అనిపించింది, గుండె బరువెక్కించే సంగీతం కంటే.

(క్యాసెట్లు చేతులు మారడం వల్లే పైకొచ్చిన బ్యాండ్ 2000లో ఇంటర్నెట్‌లో పాటలు ఉచితంగా పంచుకునే నాప్‌స్టర్ మీద కేసు వేసి, డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ స్వయంగా 3 లక్షల పైచిలుకు యూజర్ల పేర్లు పట్టుకెళ్లి ఇవ్వడం గురించి అడుగుతారని తెలుసు. అప్పట్లో నేనూ తిట్టాను. ఇప్పుడు అంత గట్టిగా తిట్టలేను. స్టూడియోలో చేసిన పాట వేరు, జనంలో నిలబడి పట్టుకున్న శబ్దం వేరు అన్న తేడా వాళ్లు పాటించారు. ఇంతకంటే దీంట్లోకి వెళ్తే ఈ పోస్టు తెమలదు.)

సోడా కావాలా, పద్యం కావాలా

ఇప్పుడు కొత్తగా వచ్చిన తెగులు, ఈ పాత వీడియోలని ఏఐలో వేసి తీయడం. జనం అరుపులు తీసేస్తారు, బొమ్మ పెద్దది చేస్తారు. మొహం ఉన్న చోట అసలు పది చుక్కలు కూడా లేకపోతే సాఫ్ట్‌వేర్ తనకి తోచిన కళ్లూ ముక్కూ పెడుతుంది. అలాంటిదొకటి చూశాను, గిటార్ మీద వేళ్లు లెక్కపెడితే ఆరొచ్చాయి, ముందు వరుసలో జనం అందరూ మైనం బొమ్మల్లా ఒకటే నవ్వు. కింద మాత్రం "ఇప్పుడు నిజంగా అక్కడున్నట్టుంది" అని వందల కామెంట్లు. అక్కడున్న వాడికి ఆరు వేళ్లు కనపడలేదు బాబూ, అసలు వేళ్లే కనపడలేదు!

ఇది నేను ఒక ఫ్రెండ్‌తో అంటే, స్టూడియోలో సౌండ్ పని చేస్తాడు, ఓపిగ్గా విని ఒకటే అడిగాడు. "మీ తాతయ్య టేపు నాకిస్తే పద్యం విడదీసి ఇస్తాను. నీకు సోడా కావాలా, పద్యం కావాలా?" రెండూ కావాలన్నాను. "ఆ నటుడి మనవడు వచ్చి అడిగితే? వాడికి మీ ఊరి సోడాతో ఏం పని?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. పైగా నేను చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. క్లిఫ్ సోలో శుభ్రం చేసింది ఒకటి ఎవరో పంపితే నేనూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. వా పెడల్ (గిటార్ స్వరాన్ని "వా వా" అనిపించే కాలి మీట) మీద పాదం నొక్కడం, వదలడం, ప్రతి స్వరం నోరు తెరిచి మూసినట్టు అవడం, ఇన్నేళ్లలో మొదటిసారి విడివిడిగా తెలిసింది. ఆ పాత వీడియోలో అదంతా ఒకటే ఝంకారం. అంటే నేను ఇన్నాళ్లూ ప్రేమించింది సగం క్లిఫ్‌ని, సగం అరిగిన టేపుని.

"అసలుది ఎక్కడికీ పోదుగా, పక్కనే ఉంటుంది" అని కూడా అన్నాడు ఆ సౌండ్ ఫ్రెండ్. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. వెతికితే మెరుగు పెట్టిందే ముందొస్తుంది, దాన్నే చూస్తారు, దాన్నే పంచుకుంటారు, ఐదేళ్లకి అసలుది ఎవరి హార్డ్ డిస్క్‌లోనో చచ్చిపోతుంది. బెంగళూరు వీడియోని రేపు ఎవడైనా శుభ్రం చేస్తే ముందు పోయేది ఆ దణ్ణం పెట్టిన గొంతే. దాంతో పాటు, అంచున మసగ్గా ఉన్న ఆ ఇనుప మంచె కూడా పోవచ్చు, దాని స్థానంలో చక్కగా ఊగే జనం వస్తారు. అప్పుడు నేను మళ్లీ బారికేడ్ పక్కకి వెళ్లిపోతాను, నన్ను అడిగేవాడుండడు.

అంకుల్

ఆరడుగుల మనిషి సంగతి తేల్చకుండా ముగించలేను. ఆ రోజు అతన్ని తిట్టాం, ఈ రోజు అతని పుణ్యాన నేనెక్కడ నిలబడ్డానో తెలిసింది. అయితే అతను చేసింది ఒప్పా? అతని వల్ల వెనక మా ఇద్దరికీ నాలుగు నిమిషాలు పోయాయి. నాలుగే కాదు, ఆ చేతులు మళ్లీ మళ్లీ లేచాయి. 1983లో క్లబ్బులో ఒక్క కెమెరా ఉంటే అది వరం, 2011లో వందల ఫోన్లుంటే ఒక్కొక్కటీ వెనకవాడికి అడ్డం, మరి ఇప్పుడు? ఇప్పుడు ప్రతి పాటకీ ప్రతి కోణం నుంచీ వీడియో ఉంటుంది, తెల్లారేసరికి ఎవరో అన్నీ కలిపి కుట్టి పెడతారు. కాబట్టి ఇంకో వీడియో అక్కర్లేదు, ఫోన్ జేబులో పెట్టుకోండి అని చెప్పడం తేలిక. కానీ మా ఇద్దరి పక్కన ఉన్న ఫోన్ అదొక్కటే. వేరే వందలో మేము లేము. ఏది పనికొస్తుందో తీసేటప్పుడు ఎవరికి తెలుస్తుంది?

పోయిన డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఒక కచేరీకి వెళ్లాను. ఇష్టమైన పాట రాగానే నా చేయి దానంతటదే పైకి లేచింది. నలభై సెకన్లు కూడా కాలేదు, వెనక్నుంచి ఒక అమ్మాయి భుజం తట్టి, "అంకుల్, కొంచెం ఫోన్..." అంది. ఫోన్ అన్న మాట కంటే అంకుల్ అన్న మాట గట్టిగా తగిలింది. వెంటనే దించేశాను. ఆ నలభై సెకన్ల ముక్క ఫోన్‌లోనే ఉంది, ఇంతవరకు తెరిచి చూడలేదు. ఆ అమ్మాయి గొంతు అందులో పడే ఉంటుంది.

బెంగళూరు లింకు ఆ రాత్రే మా రూమ్మేట్‌కి పంపాను. ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు, పండక్కో పుట్టినరోజుకో తప్ప మాటల్లేవు. రెండో నిమిషం దగ్గర విను, నీ గొంతు చరిత్రకెక్కింది అని రాశాను. పొద్దున లేచేసరికి జవాబు ఉంది.

"ఒరేయ్, అది నేను కాదు, నువ్వు. నేనప్పుడు నీళ్ల కోసం వెళ్లా. తిరిగొచ్చి నిన్ను వెతుక్కోలేక ముప్పావుగంట తిరిగా, మర్చిపోయావా?"

మర్చిపోవడం సంగతి అటుంచి, అలాంటిది జరిగినట్టే నాకు తెలియదు. నా కథలో మేమిద్దరం మొదటి పాట నుంచి చివరిదాకా పక్కపక్కనే ఉన్నాం. మళ్లీ విన్నాను. స్పీకర్లో పెట్టి విన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ, ఏం వింటున్నానో తెలియకుండానే, "ఎవరికి దణ్ణం పెడతానని అరుస్తున్నావ్ అంత గట్టిగా?" అంది.

నేను ఇంకా ఒప్పుకోలేదు. ఫోన్ మైకులో గొంతులు మారిపోతాయి, అందరికీ తెలిసిందే. బ్రెజిల్ ఆయనకి అసలు అర్థం చెప్తూ ఒక కామెంట్ టైప్ చేసి ఉంచాను, "ఇది మా ఫ్రెండ్" దగ్గర ఆగిపోయి ఉంది.